9 ఆంపియర్లు చూపించిన కన్వర్టర్: ఒక ఇంటి వర్క్‌షాప్ కరెంటు లెక్క

ముందు కేసు ఏంటో చెప్తాను. నా స్నేహితుడికి ఇంటి వెనక షెడ్డులో చిన్న వర్క్‌షాప్ ఉంది. 2 హెచ్‌పీ లేత్, 3 హెచ్‌పీ మిల్లింగ్ మెషీన్, రెండూ త్రీ ఫేజ్ మోటార్లే, ఇంటికొచ్చేది మాత్రం 230 వోల్టుల సింగిల్ ఫేజ్. అందుకని ఒక పాత 5 హెచ్‌పీ త్రీ ఫేజ్ మోటార్‌ని ఐడ్లర్‌గా, అంటే ఏ పనీ చేయకుండా ఊరికే తిరుగుతూ మూడో లైన్‌ని పుట్టించేదిగా పెట్టి, రోటరీ ఫేజ్ కన్వర్టర్ (సింగిల్ ఫేజ్‌ని త్రీ ఫేజ్‌గా మార్చే ఏర్పాటు) కట్టాం. "కట్టాం" అంటున్నాను గానీ కట్టింది నేనే, ఇది ముందే ఒప్పుకుంటున్నాను, ఎందుకంటే ఈ కథలో ఒక తప్పు నాది కూడా.

మొదటి పూర్తి నెల బిల్లు రాగానే ఫోన్ చేశాడు. అంతకు ముందు నెలల కంటే 112 యూనిట్లు ఎక్కువ. "ఒరేయ్, నువ్వు కట్టిన రాక్షసి ఖాళీగా తిరుగుతూనే రెండు కిలోవాట్లు తాగుతోంది, నేను టాంగ్ టెస్టర్ పెట్టి చూశా" అన్నాడు. టాంగ్ టెస్టర్ అంటే వైరు చుట్టూ పట్టించి అందులో పారే ఆంపియర్లు చూసే పరికరం. వెళ్లి చూస్తే నిజమే, లేత్ ఆపి, మిల్లింగ్ ఆపి, ఒక్క ఐడ్లర్ మాత్రమే తిరుగుతుంటే టాంగ్ టెస్టర్‌లో 9 ఆంపియర్లు. 230ని 9తో గుణిస్తే 2070. రోజుకి మూడు గంటల చొప్పున నెలకి 25 రోజులు, అంటే 75 గంటలు, 155 యూనిట్లు! తేడా వచ్చింది 112 అయితే కన్వర్టర్ ఒక్కటే 155 ఎలా తింటుందిరా అని అడిగితే ఒక్క నిమిషం ఆలోచించి "మిగతా ఇంట్లో వాడకం తగ్గి ఉంటుంది" అన్నాడు. అప్పటికే కన్వర్టర్ అమ్మేసి రెండు వీఎఫ్‌డీలు (సింగిల్ ఫేజ్ తీసుకుని త్రీ ఫేజ్ ఇస్తూ మోటార్ స్పీడ్ కూడా మార్చే ఎలక్ట్రానిక్ డబ్బాలు) కొనాలని నిర్ణయం అయిపోయింది.

ఈ లెక్కలో తప్పు ఎక్కడుందో మోటార్లతో పనిచేసేవాళ్లకి తెలిసే ఉంటుంది, కానీ తెలిసినవాళ్లు కూడా తమ ఇంటి బిల్లు దగ్గరికి వచ్చేసరికి ఇదే పొరపాటు చేయడం నేను చూశాను, కాబట్టి కొంచెం విడమరిచి రాస్తాను.

లోడ్ లేకుండా తిరిగే ఇండక్షన్ మోటార్ లాగే కరెంటులో ఎక్కువ భాగం అయస్కాంత క్షేత్రాన్ని నిలబెట్టడానికి పోతుంది. సైకిల్‌లో ఒక పావు భాగం అది లైన్ నుంచి శక్తి తీసుకుంటుంది, తర్వాతి పావులో దాదాపు అంతా లైన్‌కే తిరిగి ఇచ్చేస్తుంది. ఈ ఇచ్చిపుచ్చుకోవడం 50 హెర్ట్‌జ్‌లో సెకనుకి 100 సార్లు జరుగుతుంది. టాంగ్ టెస్టర్‌కి పోయేదీ వచ్చేదీ తేడా తెలీదు, వైరులో ఎంత పారుతోందో అంత చూపిస్తుంది. ఇంటి మీటర్ మాత్రం ప్రతి క్షణం వోల్టేజీనీ కరెంటునీ గుణించి, వచ్చిన దాంట్లోంచి తిరిగి వెళ్లింది తీసేసి, నికరంగా మిగిలిన వాట్లనే లెక్క పెడుతుంది. కాబట్టి 2070 అనేది వోల్ట్ ఆంపియర్లు, వాట్లు కాదు. వాట్లు ఎన్నో తెలియాలంటే పవర్ ఫ్యాక్టర్, అంటే వోల్ట్ ఆంపియర్లలో నిజంగా వాట్లయ్యే వంతు, తెలియాలి, ఖాళీగా తిరిగే మోటార్‌కి అది 0.15, 0.2 దగ్గరే ఉంటుంది.

నేను నోటితో చెప్తే నమ్మడు. అందుకని ఇంటి బోర్డు దగ్గర, షెడ్డుకి వెళ్లే లైన్‌కి ఒక సబ్ మీటర్ పెట్టి, దాని మీద మెరిసే ఎర్ర లైటుతో లెక్క చూపించాను. ఈ పద్ధతికి వేరే పరికరం అక్కర్లేదు, ఫోన్‌లో స్టాప్‌వాచ్ చాలు. మీటర్ మీద యూనిట్‌కి ఎన్ని బ్లింకులో రాసి ఉంటుంది, దీని మీద 3200 ఉంది, మీదాని మీద 1600 ఉండొచ్చు, 1000 ఉండొచ్చు. 3600ని ఆ అంకెతో భాగించి, దాన్ని మళ్లీ ఒక బ్లింక్‌కి పట్టే సెకన్లతో భాగిస్తే కిలోవాట్లు వచ్చేస్తాయి. ఒక్క బ్లింక్ కొలిస్తే చెయ్యి తడబడుతుంది కాబట్టి 20 బ్లింకులు కొలిచాం. షెడ్డులో లైట్లతో సహా అన్నీ ఆపి, ఐడ్లర్ ఒక్కటే నడిపితే 20 బ్లింకులకి 70 సెకన్లు. అంటే ఒక్కోదానికి 3.5. లెక్క చేస్తే 0.321 కిలోవాట్లు.

2070 కాదు, 321. నెలకి 155 యూనిట్లు కాదు, 24.

వాడు రెండుసార్లు తనే కొలుచుకున్నాడు, మూడోసారి స్టాప్‌వాచ్ తప్పేమో అని వేరే ఫోన్‌తో కొలిచాడు. 70, 70, 71.

ఇక్కడ ఒక హెచ్చరిక. ఇదంతా వాట్లని లెక్కపెట్టే మామూలు ఇంటి మీటర్‌కి సంబంధించిన మాట. వ్యాపార, పరిశ్రమ కనెక్షన్లలో కొన్ని చోట్ల బిల్లు కిలోవోల్ట్ ఆంపియర్ గంటల మీద వేస్తారు, లేదంటే పవర్ ఫ్యాక్టర్ తక్కువైతే జరిమానా ఉంటుంది. అక్కడైతే ఆ 9 ఆంపియర్లు నిజంగానే డబ్బులు. అలాగే జనరేటర్ మీదో ఇన్వర్టర్ మీదో కన్వర్టర్ నడిపేవాళ్లు వాట్లు చూసుకుంటే సరిపోదు, ఆంపియర్లు చూసుకోవాలి. వైరు సైజు, బ్రేకర్ సైజు కూడా ఎప్పుడూ ఆంపియర్ల లెక్కే.

ఇప్పుడు నా తప్పు. ఈ కన్వర్టర్ కట్టినప్పుడు ఐడ్లర్‌ని మొదట కదిలించే స్టార్ట్ కెపాసిటర్, తిరగడం మొదలవగానే దాన్ని తప్పించే రిలే మాత్రం పెట్టి వదిలేశాను, మెషీన్లు తిరిగాయి కదా, మూడు లైన్ల వోల్టేజీలని సమానంగా ఉంచే రన్ కెపాసిటర్లు తర్వాత చూద్దాంలే అనుకున్నాను. ఆ "తర్వాత" రాలేదు. లేత్ నడుస్తుండగా మూడు లైన్ల మధ్య వోల్టేజీలు చూస్తే 230, 205, 214. సగటు 216, దాని నుంచి ఎక్కువ తేడా దాదాపు 14, అంటే 6 శాతం పైనే అసమానత. అమెరికా మోటార్ ప్రమాణం నెమా ప్రకారం 5 శాతం దాటితే మోటార్ నడపనేకూడదు. ఇంకో మోటు సూత్రం ఏంటంటే, అసమానత శాతాన్ని వర్గం చేసి రెట్టింపు చేస్తే వైండింగ్ వేడి ఎంత శాతం పెరుగుతుందో సుమారుగా వస్తుంది, 5 శాతానికి 50 శాతం. లేత్ మోటార్ వేడెక్కుతోందని వాడు ముందే ఒకసారి అన్నాడు, నేను పట్టించుకోలేదు.

సరే, మూడో లైన్‌కీ మిగతా రెండింటికీ మధ్య ఒకవైపు 50, ఇంకోవైపు 30 మైక్రోఫారడ్ రన్ కెపాసిటర్లు పెట్టాం. ఈ అంకెలు ఈ ఐడ్లర్‌కి కుదిరినవి, ఒక్కోటి పెట్టి, వోల్టేజీ చూసి, మార్చి, మళ్లీ చూసి కుదుర్చుకున్నవి, మీరు ఇవే తెచ్చి పెట్టకండి. పెట్టేవి కూడా నిరంతరం లైన్‌లో ఉండగలిగే 440 వోల్టుల ఏసీ రకం అయ్యుండాలి, స్టార్టింగ్‌కి వాడే ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ ఒకటి రెండు సెకన్ల కోసం చేసింది, దాన్ని లైన్‌లో వదిలేస్తే పేలుతుంది. మిగిలిన చార్జిని దించేసే డిశ్చార్జ్ రెసిస్టర్ తప్పనిసరి, అది లేకపోతే ఆపిన తర్వాత కూడా కెపాసిటర్ షాక్ కొడుతుంది. ఇదంతా అయ్యాక వోల్టేజీలు 230, 226, 233, అసమానత 2 శాతం లోపు. లేత్ శబ్దమే మారిపోయింది, ఆ గరగర పోయింది.

అసలు సంగతి టాంగ్ టెస్టర్‌లో. 9 ఆంపియర్లు కాస్తా 3.8కి పడిపోయాయి. స్నేహితుడి మొహం వెలిగిపోయింది, "చూశావా, సగం కంటే తగ్గింది" అన్నాడు. మళ్లీ మీటర్ దగ్గరికి తీసుకెళ్లాను. 20 బ్లింకులకి 70 సెకన్లు పట్టేది ఇప్పుడు 78. అంటే 321 వాట్లు 288 అయ్యాయి. తగ్గింది 33 వాట్లు, నెలకి రెండున్నర యూనిట్లు. ఆంపియర్లు సగానికి పైగా తగ్గితే యూనిట్లు పది శాతం తగ్గాయి.

ఆ 33 వాట్లు కూడా ఎక్కడివో చెప్పొచ్చు. ఇంటి బోర్డు నుంచి షెడ్డుకి 30 మీటర్ల 4 చదరపు మిల్లీమీటర్ల రాగి కేబుల్, పోనూ రానూ 60 మీటర్లు, నిరోధం 0.28 ఓమ్ దగ్గర. 9 ఆంపియర్లకి అందులో 22 వాట్లు వేడిగా పోయేవి, 3.8కి 4 వాట్లు. అక్కడ 18 మిగిలాయి, మిగతా 15 ఐడ్లర్‌లో వేడి తగ్గడం వల్ల వచ్చాయి. ప్లగ్‌లో గుచ్చితే బిల్లు తగ్గిపోతుందని అమ్మే డబ్బాలు ఉంటాయి చూశారా, వాటి లోపల ఉండేది చాలావరకు ఇలాంటి ఒక చిన్న కెపాసిటరే. అమ్మేవాడు టాంగ్ టెస్టర్ పెట్టి ఆంపియర్లు తగ్గడం చూపిస్తాడు, అది అబద్ధం కాదు, కానీ మీటర్ దగ్గరికి మాత్రం తీసుకెళ్లడు. రన్ కెపాసిటర్లు పెట్టాల్సిందే, మోటార్లు బతకడం కోసం పెట్టాలి. బిల్లు కోసమైతే వాటి మీద ఆశ పెట్టుకోవద్దు.

మరి 112 యూనిట్లు ఎక్కడికి పోయాయి? కన్వర్టర్ 24 అయితే మిగతా 88?

లేత్ స్పిండిల్ (కోయాల్సిన ముక్కని, అంటే జాబ్‌ని, తిప్పే ఇరుసు) ఏ కట్టింగూ లేకుండా తిరుగుతుంటే ఐడ్లర్‌తో కలిపి 20 బ్లింకులకి 35 సెకన్లు, అంటే 640 వాట్ల పైచిలుకు, అందులో లేత్ వాటా 350. మామూలు కట్టింగ్‌లో మొత్తం 1100 దాకా వెళ్తుంది. వాడితో ఒక వారం పుస్తకంలో రాయించాను, ఏ మెషీన్ ఎన్ని నిమిషాలు నడిచిందో. తేలిందేంటంటే షెడ్డులో మూడు గంటలున్నా లేత్ స్పిండిల్ తిరిగేది గంటా పావు లోపే, మిల్లింగ్ అరగంట. మిగతా టైమంతా కొలవడం, జాబ్ బిగించడం, టూల్ అరగదీయడం, డ్రాయింగ్ వంక చూస్తూ తల గోక్కోవడం. నెల మీద లేత్‌కి 15 యూనిట్లు, మిల్లింగ్‌కి 9, లైట్లూ ఫ్యానూ బెంచ్ గ్రైండరూ కలిపి 6. ఐడ్లర్‌తో కలిపి 54 అయింది. ఇంకో 58 యూనిట్లు గాల్లో కలిసిపోయినట్టున్నాయి.

నిజంగానే గాల్లో కలిశాయి. సబ్ మీటర్ పెట్టిన రెండో రోజు రాత్రి షెడ్డు తాళం వేసేటప్పుడు రీడింగ్ రాసుకోమన్నాను, పన్నెండు గంటల తర్వాత పొద్దున తాళం తీసేముందు మళ్లీ రాసుకోమన్నాను. రాత్రంతా మూసి ఉన్న షెడ్డు 0.9 యూనిట్ తినేసింది. గాలి కంప్రెసర్! 150 లీటర్ల ట్యాంకు, సింగిల్ ఫేజ్ మోటార్, ప్రెషర్ స్విచ్ ఆన్‌లోనే వదిలేస్తాడు. హోస్ కప్లర్ దగ్గర చిన్న లీకు, చెవి పెడితే గానీ వినపడదు, సబ్బు నురగ రాస్తే బుడగలొచ్చాయి. గంటకోసారి ప్రెషర్ పడిపోవడం, కంప్రెసర్ లేచి రెండున్నర నిమిషాలు తిరిగి ట్యాంకు నింపడం, మళ్లీ కారిపోవడం. గంటకి రెండున్నర నిమిషాలంటే రోజుకి గంట, 1.8 కిలోవాట్ల చొప్పున నెలకి 54 యూనిట్లు. నిజంగా గాలి వాడుకున్నది 4 యూనిట్లు. ఇంట్లో వాళ్లకి రాత్రిళ్లు ఆ మోత వినపడుతూనే ఉందట, "ఏదో మెషీన్ కదా" అనుకున్నారట. వర్క్‌షాప్ కోసం కన్వర్టర్‌తో పాటే కంప్రెసర్ కూడా వచ్చింది, కానీ కళ్లకి కనపడుతూ హోరుమనేది కన్వర్టర్, కాబట్టి నింద దాని మీద పడింది.

కప్లర్ మార్చాం, ట్యాంకు దగ్గర బాల్ వాల్వ్ మూయడం అలవాటు చేశాం. పదిహేను నిమిషాల పని.

కానీ కన్వర్టర్‌ని నేను పూర్తిగా నిర్దోషి అనడం లేదు. కంప్రెసర్ సంగతి పక్కన పెట్టి చూడండి, త్రీ ఫేజ్ మెషీన్లు రెండూ కలిసి 24 యూనిట్లు, వాటిని తిప్పడానికి ఐడ్లర్ ఇంకో 24. అంటే కన్వర్టర్ వాడే ఇంటి వర్క్‌షాప్‌లో పనికి ఎంత అవుతుందో ఖాళీ తిరుగుడుకీ అంతే అవుతోంది. ఫ్యాక్టరీలో అయితే మెషీన్లు రోజంతా లోడ్ మీద ఉంటాయి కాబట్టి ఐడ్లర్ నష్టం కనపడదు. మనకి స్పిండిల్ తిరగని టైమే ఎక్కువ. అందుకే కన్వర్టర్ ఎఫిషియెన్సీ ఎంత శాతం అనే ప్రశ్న కంటే ఎన్ని గంటలు ఊరికే తిరుగుతోంది అనేదే ఇక్కడ పనికొచ్చే ప్రశ్న.

"మరి మధ్యమధ్యలో ఆపొచ్చుగా" అంటే వాడి జవాబు అందరూ చెప్పేదే: స్టార్టింగ్‌లో కరెంటు విపరీతంగా లాగుతుంది, ఆపి ఆపి స్టార్ట్ చేస్తే ఇంకా ఎక్కువ అవుతుంది. లెక్క వేద్దాం. స్టార్టింగ్‌లో 60 ఆంపియర్లు లాగిందనుకోండి, పవర్ ఫ్యాక్టర్ 0.4 అనుకోండి, ఐదున్నర కిలోవాట్లు, ఒక సెకను. ఐడ్లర్ ఖాళీగా 20 సెకన్లు తిరిగితే అయ్యే ఖర్చు అంతే. అంటే యూనిట్ల వరకు చూస్తే అర నిమిషం పైన ఖాళీ ఉన్నా ఆపేయడమే చవక. కానీ ప్రతి స్టార్టూ వైండింగ్‌ని వేడెక్కిస్తుంది, కాంటాక్టర్ (మోటార్‌ని ఆన్ ఆఫ్ చేసే పెద్ద స్విచ్) పాయింట్లని తింటుంది, స్టార్ట్ కెపాసిటర్‌కి గంటకి ఇన్ని స్టార్టులే అని పరిమితి ఉంటుంది. కాబట్టి నేను పెట్టిన నియమం పది నిమిషాలు. జాబ్ మార్చడానికి పది నిమిషాల కంటే ఎక్కువ పడుతుందనుకుంటే స్టాప్ బటన్ నొక్కు, లేకపోతే తిరగనీ. స్టాప్ బటన్ కూడా లేత్ పక్కకే తెచ్చి పెట్టాం, ఎందుకంటే గోడ చివరిదాకా నడవాల్సి వస్తే ఎవరూ నొక్కరు. 75 గంటలు 45 అయ్యాయి, 24 యూనిట్లు 13 అయ్యాయి.

తర్వాతి నెల సబ్ మీటర్ 47 చూపించింది. 112 నుంచి 47.

ఇక్కడితో కథ అయిపోవాలి, కానీ వాడి బుర్రలో వీఎఫ్‌డీ అలాగే ఉంది. వద్దని నేను చెప్పలేదు. లేత్‌కి వీఎఫ్‌డీ పెడితే ఐడ్లర్ మిల్లింగ్ కోసం 20 గంటలు తిరిగితే చాలు, 13 యూనిట్లు 6 అవుతాయి, వీఎఫ్‌డీ సొంత నష్టం ఒక యూనిట్ వేసుకున్నా నికరంగా 6 యూనిట్లు మిగులుతాయి. "నెలకి 6 యూనిట్ల కోసం అంత పెట్టి కొనకు, మీ యూనిట్ రేటుతో గుణించి ఎన్నేళ్లకి తిరిగొస్తుందో చూసుకో. స్పీడ్ కంట్రోల్ కావాలంటే కొను, అది నిజంగా బాగుంటుంది" అన్నాను. ఐడ్లర్‌ని రోజంతా తిప్పే అలవాటున్నవాళ్లకి లెక్క వేరేగా వస్తుంది, రోజుకి 8 గంటల చొప్పున నెలకి 200 గంటలైతే ఐడ్లర్ ఒక్కటే 58 యూనిట్లు, వాళ్లకి వీఎఫ్‌డీ నిజంగానే ఆదా. మా వాడు స్పీడ్ కోసమే అంటూ కొన్నాడు.

పెట్టేటప్పుడు చూసుకోవాల్సినవి త్వరగా చెప్పేస్తాను. సింగిల్ ఫేజ్ ఇన్‌పుట్‌కి చేసిందే కొనాలి, త్రీ ఫేజ్ ఇన్‌పుట్ రకాన్ని సింగిల్ ఫేజ్ మీద వాడితే సామర్థ్యం దాదాపు సగానికి తగ్గించుకోవాలి. బయటికి వచ్చేది కూడా 230 వోల్టులే కాబట్టి మోటార్ నేమ్ ప్లేట్ మీద 230/400 అని ఉంటే డెల్టాలో (మూడు వైండింగ్‌లని త్రికోణంలా ఒకదాని చివర ఒకటి) కలపాలి (ఐడ్లర్‌కీ మిగతా మోటార్లకీ మేం ముందే అలాగే చేశాం). 400 వోల్టుల డెల్టా మోటార్ అయితే స్టెప్ అప్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి, అది ఆన్‌లో ఉన్నంతసేపూ దాని కోర్ నష్టం దానికి ఉంటుంది. వీఎఫ్‌డీకీ మోటార్‌కీ మధ్య లేత్ పాత ఫార్వర్డ్ రివర్స్ స్విచ్ ఉంచకూడదు, నడుస్తుండగా అది తెరిస్తే లోపలి ట్రాన్సిస్టర్లు పోతాయి, ఆ స్విచ్‌ని కంట్రోల్ టెర్మినళ్లకి మార్చాలి. లోపలి ఫిల్టర్ వల్ల లీకేజ్ బ్రేకర్ ట్రిప్ అవ్వొచ్చు. తక్కువ స్పీడ్‌లో ఎక్కువసేపు లోడ్ వేస్తే మోటార్ ఫ్యాన్ కూడా నెమ్మదిగా తిరుగుతుంది కాబట్టి వేడి చూసుకోవాలి.

స్టాటిక్ కన్వర్టర్ (మోటార్‌ని కెపాసిటర్‌తో స్టార్ట్ చేసి వదిలేసే డబ్బా) సంగతేంటని అడుగుతారు. అందులో ఐడ్లర్ లేదు కాబట్టి ఖాళీ ఖర్చు లేదు, కానీ స్టార్ట్ అయ్యాక మోటార్ సింగిల్ ఫేజ్ మీదే నడుస్తుంది, పవర్ మూడింట రెండు వంతుల దగ్గర ఆగిపోతుంది, వేడి ఎక్కువ. తేలికపాటి డ్రిల్లింగ్ మెషీన్‌కి చాలు, లేత్‌కి నేను పెట్టను.

వీఎఫ్‌డీ పెట్టిన నెల నా లెక్క ప్రకారం 41 రావాలి. 49 వచ్చింది. వీఎఫ్‌డీ లేనప్పటి కంటే రెండు ఎక్కువ! ఫోన్‌లో వాడి గొంతులో కోపం కంటే సంతోషమే ఎక్కువ వినిపించింది, ఈసారి తప్పు నాదని తేలబోతోంది కదా. నాకైతే కాసేపు టెన్షన్ పట్టుకుంది, మళ్లీ కంప్రెసరేమో అని ముందు అదే చూశాను, వాల్వ్ మూసే ఉంది. అన్నీ ఆపి మీటర్ ముందు నిలబడ్డాం. లైటు వెలగదు. వెలగదు. వాడు లోపలికి వెళ్లిపోదామనుకుంటుండగా ఒక్కసారి మెరిసింది. మళ్లీ మెరవడానికి 102 సెకన్లు. 11 వాట్లు.

వీఎఫ్‌డీ డిస్‌ప్లే ఎర్రగా వెలుగుతూనే ఉంది. లేత్ ఆపడమంటే వాడికి స్టాప్ నొక్కడమే, లోపల రెక్టిఫయరూ కంట్రోల్ బోర్డూ రాత్రింబవళ్లు ఆన్‌లోనే ఉన్నాయి. 11 వాట్లు నెలలో దాదాపు 700 గంటలు, ఏడున్నర యూనిట్లు. ఆరు మిగిల్చి ఏడున్నర తినడం.

షెడ్డు తలుపు పక్కన, లైట్ స్విచ్ పైనే, మెషీన్ల లైన్ మొత్తానికి ఒక ఐసొలేటర్ (లైన్‌ని పూర్తిగా తెంచే స్విచ్) పెట్టి దాని మీద ఎర్ర ఇండికేటర్ బిగించాం. లైట్లు ఆర్పే చెయ్యే దాన్ని కూడా కిందికి లాగుతుంది. పని మధ్యలో మాత్రం దాన్ని ముట్టుకోవద్దన్నాను, వీఎఫ్‌డీకి మెయిన్ పవర్‌ని గంటకి నాలుగుసార్లు తీసి వేయడం మంచిది కాదు, రోజుకి ఒకసారి చాలు. కవర్ తెరవాల్సి వస్తే ఆపాక కనీసం పది నిమిషాలు ఆగి, లోపలి కెపాసిటర్ల వోల్టేజీ దిగిందో లేదో మీటర్ పెట్టి చూసుకోమన్నాను.

తర్వాతి నెల రీడింగ్ 42. ఆ ఒక్క యూనిట్ ఎక్కడిదని ఫోన్ చేశాడు, నేను ఎత్తలేదు.